ఫిర్యాదులు లేని వార్డు

మా వార్డు కౌన్సిలర్ పూర్తిగా కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. కుట్టు మిషను ముందు స్టూలు మీద కూడా సగమే కూర్చుంటుంది, మిగతా సగం లేవడానికి సిద్ధంగా ఉంటుంది. ఒక కాలు మిషను తొక్కుతుంటే రెండో కాలు చెప్పులోనే ఉంటుంది. అందుకని ఆమెను అందరం పరుగులక్క అనే పిలుస్తాం. ఆ పిలుపు ఎంత పాతుకుపోయిందంటే, ఓట్లప్పుడు కాగితం మీద అసలు పేరు చూసి సగం మంది తికమకపడ్డారు. బయటికొచ్చి మన అక్క పేరేమిటని అడిగి మళ్ళీ లోపలికి వెళ్ళారు.

ఆమె కొట్టంటే ఇంటి ముందు గదే. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడకి మేకులు, మేకులకి సగం కుట్టిన బట్టలు. మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది, పడుకునేటప్పుడైనా తీస్తుందో లేదో బావగారినే అడగాలి. బావగారంటే ఆమె భర్త. ఊరి బయట లారీలు తూచే కాటా దగ్గర పని. తెర మీద అంకె కదలకుండా నిలబడేదాకా చీటీ రాయకూడదు గనక ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. ఏదడిగినా కాసేపు చూసి, అన్నీ కుదుటపడ్డాక ఒక్క మాట అంటాడు. ఈలోపు ఆమె ఆ పని చేసేసి ఇంకో పనిలో ఉంటుంది.

కౌన్సిలర్ కాకముందూ ఇంతే. ఎవరింట్లో జ్వరమన్నా ఆసుపత్రికి ఆమే తోడు. ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా ఆఫీసు వరండాలో ఆమే వరసలో నిలబడేది. పోటీ చెయ్యమని నలుగురూ మీద పడితే చేసింది. ఎదుటి అభ్యర్థి ప్రచారానికి వేసుకున్న చొక్కా కూడా ఈమె కుట్టిందే. ఒక సాయంత్రం ఆయన చెయ్యెత్తి గట్టిగా మాట్లాడుతుంటే చంక కింద కుట్టు విడిపోయింది. ఈమె సూదీ దారం పట్టుకుని వేదిక ఎక్కి, ఆయన మాట ఆగకుండానే కుట్టేసి దిగింది. ఆయన ఓడిపోయింది ఆ సాయంత్రమేనని మావాళ్ళంటారు.

గెలిచాక మారవలసింది ఒకటుంది, అది మాత్రం మారలేదు. కౌన్సిలరన్నవాళ్ళు పని చేయించాలి. ఈమె చేసేసేది. వీధి దీపం వెలగకపోతే లైను మనిషిని ఇంటి నుంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. చెత్త బండి రాకపోతే ఆ డ్రైవరు గుమ్మంలో నిలబడి, అతను ముఖం కడుక్కుని బయలుదేరేదాకా కదిలేది కాదు. కాగితం మీద ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. రాసేలోపు పని అయిపోతుంది కదా అనేది.

అన్నిటికన్నా పెద్ద పని తూముది. ఆమె వీధి చివర నేల ఒక్కసారిగా దిగుతుంది. ఆ దిగిన చోటే పల్లం సందు, మా ఇంటితో కలిపి పదిహేడు ఇళ్ళు. పై వీధుల్లో గిన్నెలు కడిగిన నీళ్ళు, బట్టలు ఉతికిన నీళ్ళు అన్నీ కాలవ వెంట ఈ సందులోకి వచ్చి, చివర రోడ్డు కింద తూములోంచి అవతలికి పోవాలి. చుట్టుపక్కల నలభై ఇళ్ళున్నప్పుడు వేసిన తూము అది. ఇప్పుడు ఇళ్ళు నాలుగొందలు దాటాయి, తూము మాత్రం పెరగలేదు. మూడు రోజులకొకసారి చెత్త అడ్డుపడి మూసుకుపోతుంది. పరుగులక్క ఎక్కడినుంచో రెండు నిలువుల వెదురు బద్ద ఒకటి సంపాదించింది. సందు నిద్ర లేవకముందే వెళ్ళి, బద్ద లోపలికి దూర్చి, తిప్పి, తోసి, నీళ్ళు గుడగుడమని కదిలేదాకా ఉండి, ఇంటికొచ్చి తలారా స్నానం చేసి మిషను ఎక్కేది. సందువాళ్ళు లేచేసరికి కాలవ హాయిగా పారుతుండేది. మూడేళ్ళుగా ఇదే వరస. అక్కడ తూము అనేది ఒకటుందని కూడా చాలామందికి తెలియదు.

తెలిసింది ఒక్క ఆడపడుచుకే. బావగారి చెల్లెలు. ఆమెది సందులో ఆఖరి ఇల్లు, తూము పక్కనే, అన్నిటికన్నా పల్లంలో. భర్త దూరాల లారీల మీద ఉంటాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. ఈమె ముందు గదిలో నోటు పుస్తకాలు కుట్టి అట్టలు అంటించి బడులకిస్తుంది. నేల నుంచి నడుం దాకా కాగితాల దొంతరలు. వదినా ఆడపడుచులిద్దరూ ఎదురుపడితే ఒక ఎత్తిపొడుపు లేకుండా కదలరు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా రెండు రోజులు ఉండలేరు కూడా. మా అన్న పెళ్ళి ఫోటోలన్నిట్లో పెళ్ళికూతురు మసగ్గానే పడింది, నిలబడి చస్తే కదా అని ఆడపడుచు ఇప్పటికీ ఊరందరికీ చెబుతుంది.

ఇలా ఉండగా ఆ ఏడు ఊళ్ళో ఒక పెద్ద కాలవ కట్టడానికి మంజూరు వచ్చింది. ఒక్క వార్డుకే. ఏ వార్డుకన్నది తేల్చడానికి కౌన్సిలు కూర్చుంది. డ్రైనేజీ ఇంజనీరు గోడకి ఒక పట్టిక తగిలించాడు. మూడేళ్ళలో ఏ వార్డు నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో అందులో ఉంది. మిట్ట మీది వార్డుకి మూడొందల పన్నెండు. ఆ వార్డు కౌన్సిలర్ని మేం మైకు అంటాం. స్కూటరు డిక్కీలో ఫిర్యాదు ఫారాలు కట్టలు కట్టలుగా పెట్టుకు తిరుగుతాడు. పుల్ల తీసి పక్కన పెట్టిన మనిషి కాదు గానీ, దారిలో కనిపించిన ప్రతివాడి చేతా ఒక ఫారం నింపించి సంతకం పెట్టిస్తాడు. ఆ మిట్ట మీద కుండతో నీళ్ళు పోసినా నిలవవు.

మా వార్డుకి నాలుగు. ఇంజనీరు వాటిని చదివి వినిపించాడు కూడా. రెండు ఇంటి నంబరు తప్పు రాశారని, ఒక్కరే రెండుసార్లు పెట్టినవి. ఒకటి గోడ మీద అంటించిన కాగితాల గురించి. నాలుగోది, పల్లం సందులో తెల్లవారకుండానే ఎవరో తిరుగుతున్నారని, కుక్కలు మొరిగి నిద్ర పాడవుతోందని. ఆ తిరిగే మనిషి పట్టిక ముందే కూర్చుని ఉందని అక్కడ ఎవరికీ తెలియదు.

పరుగులక్క లేచి, మా సందు మునుగుతుందండీ అంది. చైర్మన్ నవ్వి, మీ వార్డు బంగారం లాంటిదమ్మా, మిగతావాళ్ళు మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి అన్నాడట. కిందటేడు, ముందటేడు గొడవలు లేని వార్డని మెచ్చుకున్నది కూడా మమ్మల్నే. ఆ రోజు ఆమె కుర్చీలో పూర్తిగా కూలబడిపోయింది.

ఇంజనీరు చెడ్డవాడు కాదు. బయట వరండాలో ఆమెను ఆపాడు.

"అమ్మా, మీరు చెప్పింది నేను నమ్ముతాను. కానీ నా నమ్మకం ఫైల్లో పెట్టలేను. రిజిస్టర్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నెలాఖరుకి జాబితా మూసేస్తా. ఇంకా ఇరవై రోజులుంది. మధ్యలో ఓసారి చూడటానికొస్తా, ఎప్పుడొస్తానో మాత్రం చెప్పను."

ఆమె అటునుంచి అటే రిజిస్టరు గుమస్తా దగ్గరికి పరుగెత్తింది. తనే రాస్తానంది. కౌన్సిలర్ రాస్తే లెక్కలోకి రాదన్నాడు. ఆ వార్డులో కాపురమున్నవాళ్ళు రావాలి, ఇంటి నంబరు వెయ్యాలి, ఆ రోజు సంగతి ఆ రోజే రాయాలి. పాత తేదీలు వేద్దామన్నా పుటలకి నంబర్లున్నాయి. వీలున్నా ఆమె ఒప్పుకునేది కాదనుకోండి, రేపు తేలితే ఉద్యోగం పోయేది ఆ గుమస్తాదని ఆమెకి తెలుసు.

ఆ సాయంత్రం కాళ్ళకి బలపం కట్టుకున్నట్టు పల్లం సందులో గడప గడపా తిరిగింది. కాలవ గురించి ఫిర్యాదు రాయమంది. జనం ఆమె వంక వింతగా చూశారు. సందు మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకునే అతను, ఆమెను సొంత అక్కలా చూసేవాడు, బొగ్గులు విసురుతూ నవ్వాడట. నీళ్ళు చక్కగా పోతున్నాయి కదక్కా, లేని జ్వరానికి చీటీ రాయించుకోమంటావేంటి అని. అవి ఎందుకు చక్కగా పోతున్నాయో ఆమె నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయింది. చేసింది చెప్పుకోవడం ఆమెకి చేతకాదు. చెబితే దెప్పినట్టు ఉంటుందని ఒక భయం.

ఇంటికొచ్చి కాలు కాలిన పిల్లిలా గదిలో తిరిగింది. బావగారు గోడకి ఆనుకుని చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి అన్నాడు.

"నువ్వు తియ్యడం మానెయ్. అదే నిండుతుంది."

తూమా, రిజిస్టరా అని ఆమె అడగలేదు. రెండూనని ఆమెకి అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే ఆడపడుచు ఇంటికెళ్ళింది. ఆమె నేల మీద బాసింపట్టు వేసుకుని అట్టలకి జిగురు రాస్తోంది.

"ఇరవై రోజులు తూము ముట్టుకోను. ముందు మునిగేది నీ ఇల్లే. నువ్వు వద్దంటే ఇప్పుడే మానేస్తాను" అంది పరుగులక్క, గుమ్మంలోనే నిలబడి.

ఆడపడుచు జిగురు చెయ్యి గాలిలో పెట్టి వదినను కిందనుంచి పైదాకా చూసింది.

"నా ఇల్లు సంగతి తర్వాత. ఇరవై రోజులు ఊరికే కూర్చుంటే నువ్వు బతుకుతావా వదినా?"

తర్వాత లేచి, తలుపు వెనక గోడ చూపించింది. మూడేళ్ళకి ముందు వానలకి నీళ్ళు ఎంతెంత ఎక్కాయో మరకలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నువ్వు ఎన్నాళ్ళు తోస్తావు, నీకు నడుం నొప్పొస్తే నా ఇల్లు మునగాల్సిందేనా అని అడిగింది. ఒక బడికి పన్నెండొందల పుస్తకాలు నెలాఖరుకి ఇవ్వాలి. అయినా సరే, ఇటుకలు పేర్చి పైన పలకలు వేసి దొంతరలు ఎత్తి పెట్టుకుంటానంది. ఒక్కటే షరతు. మొదలుపెట్టాక మధ్యలో మనసు మార్చుకుంటే మాత్రం నీతో మాట్లాడను అంది. వెదురు బద్దని బావగారు కాటా దగ్గరికి తీసుకెళ్ళి షెడ్డులో పడేశాడు.

మొదటి మూడు రోజులు ఏం జరగలేదు. ఆమెకి తప్ప. తెల్లవారుజామున అలవాటుగా మెలకువ వచ్చేది. లేచి చెప్పులేసుకునేది, మళ్ళీ విప్పేది. ఇల్లు తుడిచేది. తుడిచిన ఇల్లే మళ్ళీ తుడిచేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి గుండీల డబ్బా కింద బోర్లించుకుని రంగుల వారీగా ఏరుతోంది. ఏరాక మళ్ళీ కలిపేసి సైజుల వారీగా ఏరింది.

నాలుగో రోజుకి నీళ్ళు మందగించాయి. ఐదో రోజుకి వాసన మొదలైంది. ఆరో రోజుకి కాలవ అంచులు దాటి సందు రాళ్ళ మీదికి వచ్చింది. సందువాళ్ళు అలవాటుగా కొట్టుకొచ్చారు. అక్కా, నీళ్ళు ఆగిపోయాయి అన్నారు. ఆమె మిషను మీద నుంచి తల ఎత్తకుండా, ఆఫీసుకెళ్ళి రాయించండి, ఇంటి నంబరు వెయ్యండి, చీటీ తీసుకోండి అంది. వాళ్ళు తెల్లబోయారు. ఆ మాట మైకు అని ఉంటే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. పరుగులక్క నోటినుంచి రావడంతో చెంప మీద కొట్టినట్టయింది.

కొందరు వెళ్ళి రాయించారు. చాలామంది వెళ్ళలేదు, కుళాయి దగ్గర నిలబడి ఆమెను తిట్టుకున్నారు. పదవి ఇప్పటికి నెత్తికెక్కిందని ఒకరు, మైకుతో లాలూచీ పడిందని ఒకరు. ఇవన్నీ నా చెవిన పడుతూనే ఉన్నాయి. నాకూ అసలు సంగతి తెలియదు గనక, అబద్ధమెందుకు, నేనూ ఒక మాట కలిపాను. ఆ రోజుల్లో ఆమె కుట్టిన చొక్కాల్లో ఒకదానికి రెండూ ఎడమ చేతులే వచ్చాయి. కొట్టులోంచి లేచి మలుపు దాకా వెళ్ళేది, అక్కణ్ణుంచి సందు కనిపించేది, వెనక్కి వచ్చేసేది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద చేతిలోనే ఉండేది. ఆఫీసులో రోజూ గుమస్తాని అడిగేది, ఎన్ని వచ్చాయని. తొమ్మిది. పదమూడు. పదిహేడు. మూడొందల పన్నెండు ముందు అవి ఏ మూలకి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వాన పడింది. ముందు చెప్పకుండా వచ్చే రకం వాన, అరగంటలో ఆగిపోయింది కూడా. ఆ అరగంట చాలు. పై వీధుల నీళ్ళన్నీ సందులోకి దిగి, తూము దగ్గర దారి లేక వెనక్కి తన్నాయి. పరుగులక్క కత్తెర ఎక్కడ పడేసిందో తెలియదు, కాటా దాకా ఎలా వెళ్ళి వచ్చిందో తెలియదు. బద్ద భుజాన వేసుకుని సందు మొదట్లో కనిపించేసరికి మేమంతా మోకాలి లోతు నీళ్ళలో సామాన్లు ఎత్తుకుంటున్నాం. ఆమె ఎవరినీ చూడలేదు. నేరుగా తూము దగ్గరికి వెళ్ళింది.

అక్కడ ఆడపడుచు నిలబడి ఉంది. నడుం దాకా తడిసిపోయి, తూము గట్టు మీద, రెండు చేతులూ అడ్డంగా చాపి.

"జరుగు" అంది పరుగులక్క.

"జరగను."

"నీ పుస్తకాలు తడుస్తున్నాయే పిచ్చిదానా."

"తడిశాయి. కింది రెండు వరసలూ పోయాయి. ఐదు రోజులుగా ఈ కంపు పీల్చింది నేను, నువ్వు కాదు. ఇవాళ నువ్వు తోసేస్తే రేపటికి అందరూ మర్చిపోతారు. నువ్వు మళ్ళీ ఇంకో మూడేళ్ళు ఎవరికీ చెప్పకుండా తెల్లారకముందే వచ్చి తోస్తూనే ఉంటావు."

పరుగులక్క బద్ద కొస ముందుకి తోసింది, ఆడపడుచు ఆ కొస పట్టుకుంది. ఇద్దరూ అటూ ఇటూ లాగారు. కాలు జారి ఇద్దరూ ఆ మురుగులోనే చతికిలబడ్డారు. అంత బాధలోనూ ఎవరో కిసుక్కుమన్నారు. ఇస్త్రీ అతను మాత్రం నవ్వలేదు. బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఉన్నవాడు అలాగే దగ్గరికి వచ్చాడు.

"మూడేళ్ళు ఎవరికీ చెప్పకుండా తోయడమేంటి?" అన్నాడు.

ఆడపడుచు చెప్పింది. తెల్లవారుజాము, బద్ద, మూడు రోజులకొకసారి, అన్నీ. పరుగులక్క తల వంచుకుని చేతికంటిన బురద కడుక్కుంటూ కూర్చుంది, ఆ బురద నీళ్ళతోనే. అందరూ ఇప్పుడు ఆమెను ఆకాశానికెత్తుతారని నేననుకున్నాను. అలా జరగలేదు. ఇస్త్రీ అతని ముఖం ఎర్రబడింది.

"అంటే మేం మనుషులం కాదా అక్కా? మా మురుగు నువ్వొక్కదానివే తోస్తుంటే మేం దుప్పటి కప్పుకుని పడుకున్నామా? ఒక్క మాట చెప్పుంటే మూడేళ్ళ కిందటే వెళ్ళి ఆ ఆఫీసు గుమ్మంలో కూర్చునేవాళ్ళం. మమ్మల్ని వెర్రివాళ్ళని చేశావు."

అతని మాటలో తప్పు వెతుకుదామన్నా దొరకలేదని పరుగులక్క తర్వాత నాతో అంది.

అతనే బద్ద లాక్కున్నాడు. అతనికి అది ఎటునుంచి దూర్చాలో కూడా తెలియదు, తిరగేసి పట్టుకున్నాడు. ఆమె చేతులు ఎలా ఆడాయో చూడాలి, ఒళ్ళంతా ఎవరో గోళ్ళతో గిల్లుతున్నట్టు మెలికలు తిరిగిపోయింది. లేవబోతే ఆడపడుచు భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. అతను నానా తంటాలు పడి గంటకి తూము తెరిచాడు. తర్వాత తడి బట్టలతోనే అటునుంచి అటే ఆఫీసుకి బయలుదేరాడు. వెనక సందు సందంతా. ఇవాళ మేమే తోశాం, ఇది మీ పని అని తలా ఒక ఫిర్యాదు. ఆఫీసు మెట్ల మీద మా కాళ్ళ బురద ముద్రలు రెండు రోజులు పోలేదు.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. తూము మూసుకున్న రోజు ఎవరి వంతైతే వాళ్ళు తోస్తారు, తోసి ఊరుకోరు, ఆఫీసుకెళ్ళి ఇంటి నంబరు వేసి రాయిస్తారు. నా వంతూ వచ్చింది, ఆ వాసన ముక్కులోంచి పోవడానికి రోజంతా పట్టింది. మూడేళ్ళు ఈమె ఎలా చేసిందోనని ఆ రోజు అనుకున్నాను. పై వీధులవాళ్ళు కూడా కదిలారు. మా నీళ్ళే కదా వీళ్ళ ఇళ్ళలోకి పోయేది అని వాళ్ళే వచ్చి రాయించారు. పరుగులక్కకి మాత్రం ఎవరూ బద్ద ఇవ్వలేదు. ఆమె ఊరికే ఉండలేక సందులో అటూ ఇటూ తిరుగుతుంటే ఆడపడుచు పిలిచి, తడిసిపోయిన పుస్తకాలకి బదులు కొత్తవి కుట్టడానికి కూర్చోబెట్టింది. ఒళ్ళో మడిచిన కాగితాలు పెట్టుకున్న మనిషి లేస్తే అన్నీ చెల్లాచెదురవుతాయి. అదేదో ముందే తెలిసుంటే మా అన్న ఇన్నేళ్ళు సుఖపడేవాడు అని ఆడపడుచు అంది. దానికి వదిన ఇచ్చిన జవాబు ఇక్కడ రాయను.

ఇంజనీరు పదహారో రోజున వచ్చాడు. అన్నట్టుగానే చెప్పకుండా వచ్చాడు. అప్పుడు వంతు పాత పుస్తకాలమ్మే ముసలాయనది. బద్ద సగం లోపల, ఆయన సగం బయట. ఇంజనీరు ప్యాంటు మడిచి కిందికి దిగి, టేపుతో తూము కొలిచి, మళ్ళీ కొలిచాడు. ఆడపడుచు ఇంట్లో గోడ మీద మరకలు చూశాడు. ఎండకి ఆరబెట్టిన తడి పుస్తకాలు చూశాడు. వెళ్ళేటప్పుడు తూము దగ్గర ఇంకోసారి ఆగాడు.

నెలాఖరు సమావేశంలో మా వార్డు లెక్క రెండొందల నలభై ఒకటి. మైకు వార్డుది మూడొందల ఇరవై. ఇంజనీరు రెండు కట్టలూ బల్ల మీద పెట్టి, ఎక్కువ ఎవరివన్నది కాదు, ఈ రెండొందల నలభైలో నూట తొంభై ఒకే తూము గురించి, ఆ తూము నేను కళ్ళారా చూశాను అన్నాడట. మైకు కాసేపు గొంతెత్తాడు. మీ మిట్ట మీద నీళ్ళు నిలిచే చోటు ఒక్కటి చూపించండి అంటే గొంతు దించాడు. మంజూరు పల్లం సందుకి వచ్చింది. తవ్వకం సోమవారం మొదలన్నారు.

మిగిలినవాటిలో పదకొండు ఫిర్యాదులు పరుగులక్క మీద. కౌన్సిలర్ మీద వచ్చిన వాటికి వారం లోపల ఆమే రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఇవ్వకపోతే సభలో చదువుతారు. గుమస్తా బెంచీ చూపించి ఫారాలు చేతిలో పెట్టాడు. పది ఫిర్యాదులకి జవాబులు ఆమె బెంచీ మీద కూర్చోకుండానే, కిటికీ పలక మీద పెట్టి రాసేసింది. పలకలేదన్నారు, నిజమే. విసుక్కుందన్నారు, నిజమే. పదకొండోది ఆడపడుచుది. అక్షరాలు గుండ్రంగా, పుస్తకాల అట్టల మీద రాసినట్టు ఉన్నాయి.

"మా కౌన్సిలర్ మూడేళ్ళు మా తూము ఒక్కతే తోసింది. మాకు చెప్పలేదు. ఇలాంటివి ఇంకా ఎన్ని చేస్తోందో మాకు తెలియదు. ఏమేం చేస్తోందో చెప్పేలా చెయ్యగలరు."

కింద సంతకం, ఇంటి నంబరు.

ఆమె అది చదివి బయటికెళ్ళిపోయింది. వరండాలో తిరిగి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మూడోసారి వచ్చి, ఇది నిజమే అని ఒక్క ముక్క రాసిచ్చింది. గుమస్తా ఫారం తిప్పి, తీసుకున్న చర్య అనే గడి ఖాళీగా ఉందమ్మా, అది నింపకపోతే తీసుకోను అన్నాడు.

ఆమె పెన్ను అందుకుంది. బడి వెనక గేటు బందు ఊడిపోయి ఉంది, రోజూ పొద్దున్న తాడుతో కడుతున్నాను అని రాసింది. నీళ్ళ ట్యాంకు వాల్వు పట్టదు, రెండు రోజులకొకసారి గుడ్డ చుడుతున్నాను అని రాసింది. ఆసుపత్రి మలుపులో కాలవ మీది పలక పగిలింది, రాత్రిళ్ళు ఎవరూ పడకుండా రాయి అడ్డం పెడుతున్నాను. గడి నిండింది. పక్క ఖాళీలో రాసింది, ఫారం తిప్పి వెనక రాసింది. గుమస్తా లేచి నిలబడి చదువుతున్నాడు. ఇవన్నీ వేరువేరు ఫిర్యాదులమ్మా, ఒక్కోదానికి ఒక ఇంటి నంబరు కావాలి అన్నాడు.

"తెస్తాను" అంది. "ముందు ఇంకో కాగితం ఇవ్వండి."